ముత్తమ్మ కట్టుకొచ్చిన పండగ చీర

ఇరవై రెండేళ్లుగా ఈ మాట నా గొంతులో ఉంది. మింగలేను, కక్కలేను. మీకే ఎందుకు చెప్తున్నాను? నా పేరు మీకు తెలియదు కాబట్టి. ముఖం చూస్తే గుర్తుపడతారేమో. సినిమాల్లో హీరో తల్లిని, కాకపోతే హీరోయిన్ మేనత్తను.

మాది ఖమ్మం. నాన్నను అబ్బా అంటాం, ఆయన టైలర్. గుడ్డల సంగతి తెలిసిన పిల్లనని, భద్రాచలం దగ్గర అడవిలో షూటింగ్ జరిగినప్పుడు కాస్ట్యూమ్స్ చూసే పని ఇచ్చారు. నేను వెళ్లింది వేషం కోసం. అది దొరకలేదు. కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లి వేషం, సామాను మోయడానికి కూలికొచ్చిన పక్క ఊరి ముత్తమ్మకు దక్కింది. ఆమె బురదలో పొర్లి, జుట్టు విరబోసుకొని ఏడ్చింది. అందరం కళ్లు తుడుచుకున్నాం. ఆ కళ్లతోనే నేను కుళ్లుకున్నాను.

సీన్ సగమే అయింది. మర్నాడు కూడా అదే చీర, అదే బురద, అదే జుట్టుతో రావాలని ముత్తమ్మకు చెప్పమని నాకు పురమాయించారు. రెండు రోజులు తీసినా తెర మీద అది ఒక్క ఏడుపే కదా. సినిమావాళ్లకు ఇది ఓనమాలు. ఆమెకెలా తెలుస్తుంది?

"అక్కా, రేపు గీ చీర వద్దు. ఉతికి ఆరెయ్. తలకు పోస్కొని, మంచి చీర కట్టుకొని రా. సినిమా గదా" అన్నాను.

"గట్లనే చెల్లె. నువ్వు చెప్పి మంచిదైంది. గీ బురద చీరతోని వస్తే నలుగురు నవ్వేటోళ్లు" అని నా చెయ్యి పట్టుకుంది.

నోరు జారానా? లేదు. తెలిసే చెప్పాను. కంచే చేను మేయడమంటే ఇదే.

మర్నాడు పసుపుపచ్చ పండగ చీరలో, నున్నగా దువ్విన తలలో బంతిపువ్వుతో వచ్చింది. డైరెక్టర్ మండిపడ్డాడు. అడవిలో పర్మిషన్ ఆ సాయంత్రంతో సరి. ఎవరు చెప్పారిలా రమ్మని, అని అరిచాడు. ముత్తమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఎవ్వలు చెప్పలే సారూ. నాకే తెల్వక కట్టుకొచ్చిన" అంది.

నా పని పోతుందని నన్ను కాచింది. నేనేమో, ఇక ఈమెతో కాదని డైరెక్టర్ అనగానే నేను చేస్తానని ముందుకెళ్లి, ఆమె వేషం తీసుకున్నాను. ముందురోజు తీసిందంతా పక్కన పడేసి, నా తలకు తెల్లరంగు పూసి మళ్లీ తీశారు. ఆమె గుండెలు ఎలా బాదుకుందో అలాగే బాదుకున్నాను. ముత్తమ్మ వ్యాను నీడలో కూర్చొని, తన ఏడుపు నేను ఏడుస్తుంటే చూసింది. ఇరవై ఏళ్లకే ముసలి తల్లినయ్యాను, ఇప్పటికీ తల్లినే. ఆ సీనే నాకు ఇన్నేళ్లూ అన్నం పెట్టింది.

పోయిన నెల మళ్లీ ఆ భద్రాచలం దగ్గరే, సారపాక వైపు షూటింగ్ పడింది. ఆమె ఊరికని కారెక్కాను. వెళ్లి ఏమని చెప్పాలి? అసలు చెప్తే ఎవరి బరువు దిగుతుంది, ఆమెదా, నాదా? వాగు వంతెన దాకా వెళ్లి, తలనొప్పని డ్రైవరుకు అబద్ధం చెప్పి వెనక్కి తిప్పించాను. పిరికిదాన్ని.

మొదటి అవకాశం ఎలా వచ్చిందని ఇంటర్వ్యూల్లో అడుగుతారు. "ఆ రోజు అసలు ఆర్టిస్టు రాలేదండీ, నా అదృష్టం" అని నవ్వుతాను.

సిగ్గు పోదని తెలుసు. కానీ ఈ ఒక్క అబద్ధమైనా ఇవాళ దించేస్తాను. ముత్తమ్మ రాకపోవడమేమిటి? వచ్చింది. నేను చెప్పినట్టే, ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకొని వచ్చింది.