రెండు సభలు, ఒక్క కొత్త కారు

బీదరులో మోటారు బండ్లు అమ్మేవాళ్ళకు ఒకప్పుడు రెండు సంఘాలుండేవి. ఊరు చూస్తే ఇంత, కారు కొనగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అయినా ఏటా శనగ కోతలు అయిపోగానే రెండు సంఘాలూ పంతానికి పోయి రెండు మహాసభలు జరిపేవి. కొత్త బండ్ల సంఘానికి నేను కార్యదర్శిని. పాత బండ్ల సంఘానికి మా మేనమామ అధ్యక్షుడు. రాష్ట్రం పేరు మైసూరు నుంచి కర్ణాటకగా మారిన కొత్తలో మాట ఇది. లెటర్‌హెడ్ మీద ఆ పేరు ముందు ఎవరు మార్పించారన్నదాని మీద కూడా మాకు తగాదా అయింది.

నిజం చెప్పాలంటే మా దగ్గర అమ్మడానికి కొత్త బండ్లు లేవు. కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. స్కూటరుకూ అదే గతి. దుకాణంలో ఒక బల్ల, కారు బొమ్మ ఉన్న క్యాలెండరు, బుకింగు ఫారాల కట్ట, అంతే. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, సభలు మాత్రం ఘనంగా జరగాలి. సభకు కంపెనీ ఆఫీసరును పిలిచి మెడలో దండ వేస్తే వచ్చే ఏడు మన ఊరికి ఒక బండి ఎక్కువ రాస్తాడేమోనని మా ఆశ. ఆయన దండలు వేయించుకునేవాడు, బండి మాత్రం రాసేవాడు కాదు.

మామ హైదరాబాదులో పాత కార్లు కొని, తెచ్చి, బాగు చేసి, రంగులేయించి అమ్మేవాడు. నాకు ఈ వ్యాపారం నేర్పింది ఆయనే. నేను కొత్త బండ్ల ఏజెన్సీ తీసుకున్నప్పుడు ఆయనకు ముందుగా చెప్పలేదు. నా దుకాణం మీద బోర్డు ఎక్కాక, దారిన పోతూ చదువుకుని తెలుసుకున్నాడు. అది నా తప్పే. ఆ మంట ఆయనకు చాలా ఏళ్ళు ఆరలేదు. ఎక్కడ ఎదురుపడ్డా ఒక మాట విసిరేవాడు.

"కొత్తదైతే ఎన్నొద్దులుంటది రా అల్లుడా? ఒక్కసారి పక్కూరు నిర్ణా దాక పోయొస్తె అది గూడ పాతదే."

"రంగు కింద తుప్పు లేదు మామా, అదే ఖుషీ" అని నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

సభల పోటీ ఎంతదాకా పోయిందంటే, ఒక ఏడు మేము మాట్లాడుకున్న వంటాయనను వాళ్ళు తెల్లారేసరికి తీసుకుపోయారు. మరుసటి ఏడు వాళ్ళు చెప్పిపెట్టుకున్న మైకు సెట్టు మేము ఎత్తుకొచ్చాం. రెండు సభలూ ఒకే రోజు పడ్డ ఏడు ఊళ్ళోవాళ్ళు మహా తెలివిగా ఉపన్యాసాలు మా దగ్గర విని, భోజనానికి వాళ్ళ దగ్గరికి పోయారు. వాళ్ళ దగ్గర బగారన్నం, గుత్తి వంకాయ. మా దగ్గర హోళిగెలు, అంటే బొబ్బట్లు, చేయించాం, కానీ అధ్యక్షుల వారి ఉపన్యాసం ముగిసేసరికి అవి చల్లారి అట్టల్లా తయారయ్యాయి.

ఇలా ఉండగా ఒక ఏడు కంపెనీ ఆఫీసరు ఇద్దరికీ ఒకే ఉత్తరం రాశాడు. బీదరుకు ఒక్క రోజే రాగలను, ఎవరి సభకు రావాలో మీరే తేల్చుకోండి, లేదంటే ఒక్క చోట జరపండి అని. అదే వారం మా వంతుకు ఒక కొత్త కారు వచ్చింది. ఆ ఏటికి ఊరంతటికీ అదొక్కటే. సభ ద్వారం దగ్గర దండ వేసిన కొత్త బండి నిలబెట్టకపోతే అది బండ్ల సభే కాదని రెండు సంఘాల వాళ్ళూ నమ్మేవాళ్ళు. ఆఫీసరు ఒక్కడు, కారు ఒక్కటి, సభలు రెండు. ఇక తప్పక నేనే మామ ఇంటికి పోయాను.

"ఏమిరా, తొవ్వ తప్పినవా?" అన్నాడు మామ. అంటూనే చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు. చాయ్ మూడుసార్లు వచ్చింది. లేచేసరికి తేలిందేమిటంటే, ఒకే మైదానంలో రెండు షామియానాలు, నడుమ ఒకే కారు.

ఆ కారు డాక్టరమ్మది. తెలంగాణ నుంచి వచ్చి ఊరి నడుమ చౌబారా బురుజు దగ్గర చిన్న ప్రసూతి ఆస్పత్రి పెట్టుకున్న మనిషి. భర్త పోయిన ఏడాదికి కారుకు పేరు రాయించింది. ఆరేళ్ళు ఆగింది. ఆ ఆరేళ్ళూ బస్సుల్లో, ట్రాక్టర్ల మీద, వర్షాకాలంలో ఎడ్లబండి మీద ధన్నూర దాకా కాన్పులకు పోయేది. ఎవరిదో జీపు మీద డ్రైవింగు కూడా నేర్చి పెట్టుకుంది. నెలకోసారి నా దుకాణానికి వచ్చి, "నా నంబరు ఎంత దాక వచ్చింది?" అని అడిగి పోయేది. ఒక్కనాడూ విసుక్కోలేదు. కారు ఒక రోజు సభలో పెట్టుకుంటామని అడిగితే నవ్వి, "ఆరేండ్లు ఆగిన, ఒక్క రోజు ఆగనా? శుక్రవారం పొద్దుగాల మాత్రం నా వాకిట్ల ఉండాలె" అంది.

ఇక్కడ మా వ్యాపారంలో ఉన్న ఒక మర్యాద గురించి చెప్పాలి. కొన్నవాళ్ళ ఇంట్లో పూజ చేయడానికి ముత్తైదువ లేకపోతే, బండి పంపకముందే మా ఇంటి ఆడవాళ్ళతో బొట్టు పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి పంపేవాళ్ళం. వాకిట్లో నలుగురి ముందు ఆ ఇంటావిడ చిన్నబోకూడదని. కొత్త బండ్లవాళ్ళూ పాత బండ్లవాళ్ళూ తగాదా లేకుండా పాటించిన పద్ధతి ఇదొక్కటే. దాన్ని మేము దయ అనుకునేవాళ్ళం.

మా అక్క మా ఇంట్లోనే ఉండేది. బావ పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. సభకు దండలన్నీ ఆమే గుచ్చేది. ఆ మధ్యాహ్నం బంతిపూలు గుచ్చుతూ అడిగింది.

"తమ్మీ, పూజ సంగతి డాక్టరమ్మను ఒక మాట అడిగినవా?"

"అడిగెతందుకు ఏమున్నదక్కా? ఆమె ఎట్ల చేస్తది, చేయగూడదు గద" అన్నాను.

అక్క దారం కొరికి ఇంకో దండ అందుకుంది. నేను ఎవరి ముందు ఏమన్నానో నాకు తట్టనే లేదు.

సభ రోజు పెద్ద రభస. తొలి పూజ మాదంటే మాదని రెండు షామియానాల వాళ్ళూ కారు చుట్టూ మూగారు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. చివరికి కుడి చక్రానికి మామ భార్య అత్తమ్మ, ఎడమ చక్రానికి నా భార్య అని ఒప్పందమైంది. నాలుగు నిమ్మకాయలు, రెండు వాళ్ళవి, రెండు మావి. టెంకాయలు రెండు. ఎవరిది ముందు పగిలిందనే మాట రాకుండా ఆఫీసరే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. రెండు టెంకాయలూ ఒక్కసారే పగిలాయి. డ్రైవరు కారును అడుగు ముందుకు కదిపి నిమ్మకాయలు తొక్కించాడు. రెండు సంఘాల వాళ్ళూ కలిసి చప్పట్లు కొట్టడం అదే మొదలు. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏళ్ళ తరువాత పడ్డ చెయ్యి, నాకు కళ్ళు చెమర్చాయి.

శుక్రవారం పొద్దున మామా నేనూ ఆ కారులోనే డాక్టరమ్మ వాకిట్లో దిగాం. ఆమె తలంటుకుని, జరీ అంచు చీర కట్టుకుని, చేతిలో పళ్ళెంతో నిలబడి ఉంది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, టెంకాయ, రెండు నిమ్మకాయలు. కారు ముందుభాగం మీద బొట్లు చూసింది. వంగి చక్రాలు చూసింది.

"పూజ ఎవరు చేసిన్రు?"

మామ గర్వంగా చెప్పాడు. "రెండు సభల తరఫున ఇద్దరు ముత్తైదువలు చేసిన్రు డాక్టరమ్మా. మీకు ఇబ్బంది గావొద్దని."

"నాకేం ఇబ్బంది?"

ఆమె నా వైపు తిరిగింది. "నీ బిడ్డలు ఇద్దరు నా చేతులల్లనే పుట్టిన్రు. బొడ్డు కోసెతందుకు పనికొచ్చిన చెయ్యి, నా బండికి బొట్టు పెట్టుకునెతందుకు పనికి రాదా? ఇది మీ సభల బండి. తీస్కపోండి." పళ్ళెంతోనే లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమె గొంతులో కోపం కన్నా ఏడుపు ఎక్కువుంది. అది నన్ను ఎక్కువ కోసింది.

కంపెనీ లెక్క ప్రకారం వద్దన్న కారు వరుసలో తరువాతి మనిషికి పోతుంది. వద్దన్నవాళ్ళ పేరు అడుక్కి దిగుతుంది. అంటే ఆమెకు మళ్ళీ ఆరేళ్ళు. కబురు ఊరంతా పాకి, మధ్యాహ్నానికి కారు తెచ్చి నిలిపిన మామ ఆవరణలో రెండు సంఘాల వాళ్ళూ చేరారు. మా వైపు ఒకడు, "కమలనగర్‌ల నా పార్టీ ఉన్నడు, రేపే తీస్కుంటడు" అన్నాడు. మామ వైపు ఒకడు ఇంకా ఎక్కువ డబ్బు ఆశ చూపాడు. తప్పు మీ వైపు ఆడవాళ్ళదంటే మీ వైపు ఆడవాళ్ళదని ఇంకో జత కొట్టుకుంటోంది.

మామ కారుకు అడ్డంగా నిలబడ్డాడు. "బండి కదిలితె నా మీదికెల్లి కదలాలె. ముసల్దాని కాడికెల్లి పసిపిల్ల దాక అందరు ఆమె కాడికే పోతరు గద, సిగ్గు లేదా?" అన్నాడు. నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను. అందరూ గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నాం. మామ మనుషులు కారంతా కడిగారు. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న నిమ్మగింజలను మామ గొంతుక్కూచుని పిన్నీసుతో ఒక్కొక్కటే తీశాడు. "ముప్పయ్యేండ్ల సంది పాతదాన్ని కొత్తగ చేస్తున్న. కొత్తదాన్ని కొత్తగ చేసుడు ఇదే ఫస్టు" అన్నాడు. ఇద్దరం నవ్వాం, కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కడిగితే నీళ్ళతో పోయేది కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చి అక్కకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను ముందే అన్లేదా అని ఆమె అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ మౌనంలోనే నాకు ఆ మధ్యాహ్నం నేనన్న మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

"రేపు నువ్వు గూడ రా అక్కా. డాక్టరమ్మ నీ మాట ఇంటది."

"పొద్దుగాలనే కొత్త బండికి నేను ఎదురొచ్చుడు మంచిగుండది తమ్మీ."

ఇలాంటి మాటలు ఆమె నోట ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. రావద్దని ఏనాడూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. "నువ్వు రాకుంటె నేను పోను" అన్నాను. వచ్చింది.

డాక్టరమ్మ గేటు తీసి, చక్రాలు చూసి, మా ముగ్గురినీ చూసింది. మామ తాళం చెవి రెండు చేతులతో అందించాడు.

"తప్పైంది తల్లీ. తప్పు నాది."

"కాదు, నాది" అన్నాను. "బండి నాకెల్లి వచ్చింది, అడగాల్సింది నేను."

"పెద్దోన్ని నేను, నాదే ఎక్కువ."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "దీంట్ల గూడ పోటీయేనా మీకు?" లోపలికి పోయి నిన్నటి పళ్ళెమే తెచ్చింది. గోడవారన, కారుకు ఎదురు పడకుండా ఒదిగి నిలబడ్డ అక్కను చూసింది. "అక్కా, ఇటు రా. తొలి బొట్టు నువ్వు పెట్టు."

అక్క వెనక్కి జరిగింది. "నేనెందుకమ్మా, నీ బండి, నువ్వు పెట్టు."

"నేను పెడితె, డాక్టరమ్మ గాబట్టి చెల్లింది అంటరు. నువ్వు పెడితె ఏమంటరో చూస్త. పెట్టు."

అక్క పళ్ళెం వైపు చూడలేదు. నా వైపు చూసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది, ఒక బొట్టు పెట్టడానికి నా సెలవు కోసం చూసింది. నా బతుకులో అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకోటి లేదు. తలూపాను. అక్క కుంకుమలో వేలు ముంచి బొట్టు పెట్టింది. తరువాత డాక్టరమ్మ పెట్టింది, టెంకాయ కొట్టింది, నిమ్మకాయలు పెట్టి తనే స్టీరింగు ముందు కూచుని తొక్కించింది. వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చింది. మామ కండువాతో కళ్ళు తుడుచుకుంటూ హారన్ బాగుందన్నాడు.

మరుసటి ఏడు రెండు సభలూ మళ్ళీ వేరు వేరుగానే జరిగాయి. వంటాయన కోసం మళ్ళీ కొట్టుకున్నాం. కానీ కొన్నవాళ్ళను అడగకుండా ఏ బండికీ బొట్టు పెట్టకూడదని రెండు సంఘాల తీర్మానాల పుస్తకాల్లోనూ రాయించాం. ఎందుకో మాత్రం ఎవరూ రాయలేదు.

డాక్టరమ్మ వాకిట్లో పూజ అయిన ఆ రోజు అక్కా నేనూ నడిచి ఇంటికి వస్తున్నాం. గుమ్మం ఇంకా నాలుగడుగులుందనగా అక్క ఆగింది. వేలికి మిగిలిన కుంకుమను కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

"తమ్మీ, తొలి బొట్టు నేను పెట్టిన్నని ఇంట్ల చెప్పకు. మరదలు మనసుల పెట్టుకుంటది."

అట్లెందుకు అక్కా, చెబుదాం, గట్టిగానే చెబుదాం అనాల్సింది నేను. "చెప్పను" అన్నాను. ఆమె నిశ్చింతగా లోపలికి పోయింది. ఆమె బతికినన్నాళ్ళూ ఆ మాట నిలబెట్టుకున్నాను, అందుకు నన్ను నేను క్షమించుకోలేదు. ఇప్పుడు అక్క లేదు. ఆ కారుకు తొలి బొట్టు పెట్టింది మా అక్క.