శనేశ్వరుడికి ఎడమ చుట్టు

సుంకవ్వ పాముకు భయపడదు. పత్తి చేలో కాళ్ల దగ్గర పాము కనబడితే "నీ తోవన నువ్వు పో" అని కొంగు దులిపి మళ్లీ పత్తి ఏరుకునే మనిషి. రాయచూరు పక్కన చిక్కసూగూరులో మా పక్కిల్లే వాళ్లది. ఆమె గొంతు లేస్తే మా ఇంట్లో టీవీ వినబడదు. అటువంటి మనిషికి శని అంటే మాత్రం దడ. పేరు కూడా పలకదు, "ఆయన" అంటుంది. ప్రతి శనివారం నువ్వుల నూనె దీపం పెట్టి, నవగ్రహాల చుట్టూ ప్రదక్షిణం చేసి, వెనక్కి చూడకుండా ఇంటికి వస్తుంది.

ఈ ఏడాది ఆ దడ రెట్టింపయ్యింది. కొడుకు హనుమంత నడిపే వడ్ల ట్రాక్టరు సింధనూరు దారిలో బోల్తా పడి, అతని కుడికాలు నుజ్జయింది. రాయచూరు ఆసుపత్రిలో శనివారం ఆపరేషన్ పెట్టారు. కాలు నిలుస్తుందో, తీసేయాలో లోపలికి వెళ్లాకే తెలుస్తుందన్నాడు డాక్టరు. కోడలు ఆనందమ్మ అక్కడ, మనవరాలు సుప్రీత ఇక్కడ అవ్వ దగ్గర.

సరిగ్గా ఆ శనివారమే బడిలో సైన్స్ దినోత్సవం. పిల్లలు గ్రహాలూ చంద్రులూ అయి తిరగాలి. ఐదో తరగతి సుప్రీతకు వచ్చింది శనిగ్రహం చంద్రుడి వేషం. ఇంక చూడండి.

వాకిట్లో బిందె పెట్టి దాని చుట్టూ తిరుగుతున్న పిల్లను సుంకవ్వ రెక్క పట్టి ఆపింది.

"ఏందే గిట్ల తిరుగుతున్నవ్? ఎడమ సుట్టు తిరిగేది కాష్టం సుట్టు!"

"చంద్రులు గట్లనే తిరుగుతయవ్వా. శనికి రెండొందల మీదనే చంద్రులున్నయంట."

"రెండొందలా! మరి ఆడ ఎన్ని అమాసలొస్తయే?"

పిల్ల పకపకా నవ్వింది. గోడ ఇవతల నాకూ నవ్వొచ్చింది. సుంకవ్వ ముఖం చూశాక ఆగిపోయింది.

మర్నాడు బడికి పోయి అహల్య టీచరును పట్టుకుంది. "పిల్ల నాయన ఆసుపత్రిల ఉన్నడు. గీ వేషమొద్దు టీచరమ్మా."

"సరే అవ్వా, పక్క బెంచి పిల్లకు ఇస్తా."

"ఆ పిల్లకు నాయనున్నడా?"

"ఉన్నాడు."

సుంకవ్వ "అయితే ఒద్దు. మా పిల్లనే తిరగనీ" అని వచ్చేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

శనివారం బడిలో నేను ఆమె పక్కనే కూర్చున్నాను. అప్పటికే హనుమంతను లోపలికి తీసుకుపోయారు. ఆమె గుప్పిట్లో ఫోను చెమటకు తడిసిపోయింది, ఎంతకీ మోగదు. ఎదురుగా నడుముకు అట్ట వలయం కట్టుకున్న పిల్లాడు శని. చుట్టూ చంద్రులు ఎడమకు తిరగడం మొదలుపెట్టారు. ఒక చుట్టు అయింది. సుంకవ్వ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

రెండో చుట్టులో సుప్రీత ఉన్నట్టుండి ఆగింది. గిర్రున వెనక్కి తిరిగి గుళ్లో ప్రదక్షిణంలా కుడి చుట్టు అందుకుంది. ఎదురొచ్చిన ఇద్దరు చంద్రులు గుద్దుకుని కింద పడ్డారు. జనం ఒకటే నవ్వు. సుంకవ్వ మాత్రం నవ్వలేదు. అహల్య టీచరు మైకు లాక్కుని, శనికి ఫీబీ అని ఒక దూరపు చంద్రుడుందనీ, అది నిజంగానే ఎదురు తిరుగుతుందనీ సర్ది చెప్పింది. పిల్లను వెనకేసుకొస్తోందనుకున్నాను. తర్వాత ఆరా తీస్తే ఫీబీ మాట నిజమే.

పిల్ల మా దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. సుంకవ్వ దాన్ని నా చేతిలో పెడితే నేనే నొక్కి ఆమె చెవికి ఆనించాను.

"అత్తా, కాలు తీయలే. నిలుస్తదన్నరు!" ఆనందమ్మ ఏడుపు నాక్కూడా వినబడింది.

సుంకవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. శని దయా, డాక్టరు దయా అని నాతో వాదించకండి. ఆ రోజు నేను ఇద్దరికీ దండం పెట్టాను.

కాస్త తేరుకోగానే మనవరాలిని దబాయించింది. "నీకు గింత భయముంటే నాకెందుకు చెప్పలేదే? నన్ను చూసి నవ్వితివి గద!"

సుప్రీత నెత్తి మీది అట్ట చంద్రుణ్ణి తీసి చెమట తుడుచుకుంది.

"నువ్వప్పటికే వణుకుతుంటివి అవ్వా. నేను గూడ వణికితే, నీకు ధైర్యమెవరు చెప్తరు?"