కుండ ప్రశ్న

తొంభైల నడుమ సూరత్‌లోని ఒక తెలుగు బడిలో సైన్సు చెప్పిన రోజుల్లో, జీతం ఆలస్యమైనా భయం మాత్రం వేళకు వచ్చేది. నాది తాత్కాలిక ఉద్యోగం. ఇన్‌స్పెక్షన్ బాగా జరిగితేనే మరుసటి ఏడాదికి ఉంచుతామన్నారు. పైగా ఆ ఏడు, పరీక్షలో ప్రతి ప్రశ్న పక్కనా అది జ్ఞానమో, అవగాహనో, వినియోగమో రాయమన్నారు. గుర్తున్నది చెబితే జ్ఞానం, అర్థమై చెబితే అవగాహన, కొత్తచోట వాడితే వినియోగం అని బి.ఎడ్.లో నేనూ రాశాను. (బట్టీపట్టి రాశాను.) తీరా పేపరు ముందు కూర్చుంటే ఏది ఏదో తేలక, మరో సైన్సు టీచరైన మా పెద్దసారును అడిగాను. కరీంనగర్ వైపు మనిషి. "గింతదానికి బుగులెందుకు తమ్మీ? ఒక్క లైను జవాబైతే జ్ఞానం. 'ఎందుకు' అనుంటే అవగాహన. పోరలకు అసలే రాకుంటే వినియోగం," అన్నారు.

మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మా పిల్లలకు అసలే రాలేదు. కనుక పక్కన వినియోగం అని రాశాను. ఆ తర్వాత, ఇన్‌స్పెక్టరు అదే అడిగితే నా గతేమిటన్న దిగులుతో జవాబు చెప్పి రాయించి, వారం రోజులు రోజూ వల్లె వేయించాను.

వచ్చినాయన గుజరాతీ, భారీ మనిషి. చొక్కా చెమటతో తడిసి ఉంది. ఫ్యాను కింద కూర్చుని హిందీలో కుండ ప్రశ్నే అడిగారు. క్లాసంతా ఒక్క గొంతుతో, ఒకేచోట ఊపిరి తీసుకుంటూ అప్పజెప్పింది. ఆయన నవ్వలేదు. "మరి ఈ ఫ్యాను కింద నాకు చల్లగా ఎందుకుంది?" అన్నారు. అది నేను రాయించలేదు. మేము రేడియో అని పిలిచే పిల్ల లేచి, "సాబ్, ఆప్ భీ మట్కా హై," అంది. ఆయన్ని కుండ అనేసింది. "కూసో, మాఫీ అడుగు," అన్నాను. "బోల్నే దో," అని చెప్పనివ్వమన్నారాయన. మీ చెమట కుండ మీది తడి లాంటిదే, ఆరిపోతూ మీ ఒంటి వేడిని పట్టుకుపోతుంది అని ఆ పిల్ల హిందీలో చెప్పింది. ఆయన పొట్ట కదిలేలా నవ్వి, నా వైపు తిరిగి, ఇది మూడింటిలో ఏ స్థాయి మాస్టర్‌జీ అని అడిగారు.

"అవగాహన సార్," అన్నాను. "మీరు 'ఎందుకు' అని అడిగారు కదా."

వెనక పెద్దసారు కళ్ళు మూసుకున్నారు. ఆ పిల్ల పుణ్యాన ఉద్యోగం నిలిచింది. బయటికొచ్చాక పెద్దసారు, "పోరి ఆలోచించింది, నువ్వు అప్పజెప్పినవ్ తమ్మీ," అన్నారు. అప్పజెప్పింది ఎవరి సూత్రమో ఇద్దరికీ తెలుసు.

పోయిన నెల సూరత్‌లోనే పర్వత్ పాటియాలో పెద్దసారు పెద్దకర్మకు వెళ్ళాను. ఉక్కగా ఉంది. ఎవరో ఫ్యాను వేశారు. వీపు మీద చెమట చల్లబడింది, నవ్వొచ్చింది. చుట్టూ ఏడుస్తున్నవాళ్ళున్నారని తల దించుకున్నాను. ఆ కుండ మాట ఊరికే గుర్తొచ్చింది కాబట్టి ఇది జ్ఞానమే అనుకుంటాను. ఆయనుంటే సరిచూసేవారు.