తుపాకిని తడిమి చూసిన తాత

దగ్గరగా జరిగి కూర్చోండి, పుంగనూరులో తుపాకులు బాగుచేసే తాత సంగతి చెబుతాను. ఏ తుపాకి ఇచ్చినా ఆయన ముందు కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమేవాడు.

ఎన్నికలప్పుడు లైసెన్సున్న అందరిలాగే మేమూ, చనిపోయిన మా మామగారి రెండు గొట్టాల తుపాకిని పోలీసు స్టేషనులో అప్పజెప్పాం. తిరిగి తెచ్చుకున్నాక చూస్తే గొట్టాల కింది చెక్క నల్లగా, వెనక చెక్క ఎర్రగా ఉన్నాయి. వేరేవాళ్ల తుపాకి భాగాలు కలిసిపోయాయని, ఇక లైసెన్సు పోతుందని మా ఆయన హడలిపోయాడు.

తుపాకిని తాత దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన తడిమి, నల్లచెక్క ఊడదీసి లోపలి ఇనుము చూపించాడు.

"సూడప్పా, గొట్టాలకూ, దీనికీ, వెనక భాగానికీ ఒకటే నంబరు. మూడూ ఒక తల్లి బిడ్డలే. యాల బయపడతాండావు?"

"మరి ఈ నలుపేంది తాతా?" అన్నాడు మా ఆయన.

తాత చెక్కను వాసన చూసి నావైపు తిరిగాడు. "ఆయుధపూజకు ఆముదం పూసేది నువ్వేనామ్మా?"

"నేనే తాతా. బొట్టు పెట్టే ఆ చెక్కకే పూస్తాను."

"ఏండ్ల తరబడి పూస్తే నల్లబడదా! ఏమప్పా, ఇంట్లో ఉండంగా ఒక్కనాడన్నా దీన్ని సరిగ్గా సూసినావా?"

మా ఆయన సిగ్గుపడుతూ, బిడ్డను ఎత్తుకున్నట్టు తుపాకిని ఎత్తుకున్నాడు.

మీ పెద్దల వస్తువులు మీ ఇంట చల్లగా ఉండాలి. మీకు కలిగే భయాలన్నీ ఇలాగే ఉత్తవైపోవాలి.