నీళ్ళివ్వని నర్సమ్మ

మొన్న శుక్రవారం నర్సమ్మ పోయింది. "మీ అన్నకు నీళ్ళియ్యకుండా సంపినామె పోయిందంట," అని పక్కింటామె కబురు తెచ్చింది. చచ్చినా ఆ మాట ఆమెను వదల్లేదు. అది అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాతికేళ్ళు మిషను ఆసుపత్రిలో పనిచేసిన మనిషి. రోగుల మూత్రం గాజు జాడీలో పట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి, నేతిని చూసినట్టు చూసి కొలిచేది. "ఉచ్చ కొలిచే నర్సమ్మ" అని మా కోడుమూరంతా నవ్వేది. "మందు పనిచేసిందో లేదో అదే సెప్తాది, మనుషులు సెప్పరు" అనేది ఆమె.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు, బావి తవ్వుతుంటే రాయి పడి మా అన్న తల పగిలింది. డాక్టరు పుర్రెకు కోత పెట్టి గడ్డకట్టిన రక్తం తీశాడు. లోపల వాపు మిగిలింది. నర్సమ్మ నరంలోకి చిక్కటి చక్కెర మందు ఎక్కించి నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"మెదడులో నీరు చేరింది పాపా. ఈ మందు దాన్ని గుంజి ఉచ్చలో పంపుతాండాది. నేను సెప్పేదాకా గుక్కెడు నీళ్ళు గూడ పోయొద్దు."

మూడో రోజు అన్న కళ్ళు తెరిచాడు. "దప్పి అయితాండాది," అన్నాడు.

కరువు నేల మాది. తిండి లేదని పంపుతాం గానీ, పగవాడు అడిగినా నీళ్ళు లేవనం. నర్సమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్ళగానే చెంబెడు తాగించాను. పొద్దు గూకకముందే అన్న పోయాడు. ఆ నీళ్ళే చంపాయో, దెబ్బే చంపిందో నాకు నేటికీ తెలియదు. నర్సమ్మ ఖాళీ చెంబును చూసింది, నన్ను చూసింది. "ఎవురితోనూ అనొద్దు," అంది.

నీళ్ళియ్యకుండా ఆమే చంపిందని ఊరు తేల్చేసింది. ఆమె క్రైస్తవుల వీధి మనిషి. బావి దగ్గర మా వాళ్ళు తోడి పోస్తేనే ఆమె కడవ నిండేది. అదీ మానేశారు. ముసలితనంలో వంక ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్ళు మోసుకుంది. నేను బావి గట్టు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. ఆమే అనొద్దంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గులేని బతుకు.

సమాధికి మా వీధి నుంచి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఇంటికొచ్చి అమ్మతో చెప్పేశాను. "ఆ పొద్దు నీళ్ళు తాపింది నేనేమ్మా."

అమ్మ కొర్రలు చెరుగుతోంది. చెయ్యి ఆగలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసు. నీ కొంగు తడిసి ఉండె," అంది. "ఆమెను తిట్టకపోతే నిన్ను తిట్టల్సి వస్తాండె. నాకు మిగిలింది నువ్వొక్కదానివి."

పొట్టు గాలికి లేచి ఇద్దరి మీదా పడుతోంది. ఎవరమూ దులుపుకోలేదు.