శివారు గదికి ముందు వంతు

మా గుణదల ఇంట్లో నెట్ కనెక్షన్ ఒక్కటే, కంప్యూటర్లు మూడు. నాదీ మావారిదీ హాల్లో రౌటర్ పక్కనే ఉంటాయి. మా అమ్మాయి గ్రేస్‌ది మాత్రం చివరి గదిలో. పోయిన వారం దాని మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ మధ్యలోనే నెట్ అక్కడిదాకా అందక ఆగిపోయింది. కంపెనీవాళ్లు దయతలచి ఈ రోజు పదకొండింటికి మళ్లీ ఆన్‌లైన్లోకి రమ్మన్నారు.

ఆ సమయానికే మా ఇద్దరికీ ఆఫీసు మీటింగులు. ఎవరిది ముఖ్యమో మేం వాదించుకుంటుంటే, కంకిపాడులో జీవితమంతా వ్యవసాయం చేసిన మావయ్యగారు కుర్చీ లాక్కుని రౌటర్ ముందు కూర్చున్నారు.

"కాలవలో నీళ్లు తక్కువైతే ముందు చిట్టచివరున్న శివారు చేలకి వదిలేవాళ్లం అమ్మా. పైనున్నోళ్లు తూములు మూసుకోవాల్సిందే. మీరిద్దరూ కట్టెయ్యండి."

"మరి మా మీటింగులు మావయ్యగారూ?"

"మీ వంతు పన్నెండింటికి."

రోజూ ఆ వేళకి ఫోన్లో బైబిల్ వాక్యం వినే మనిషి, తన ఫోన్ కూడా ఆపి జేబులో పెట్టుకున్నారు. మావారు మెల్లగా లాప్‌టాప్ మూత ఎత్తబోతే, "ఒరేయ్, తూము జోలికెళ్లకు" అన్నారు తల తిప్పకుండానే. పైనున్నవాళ్ల సంగతి ఆయనకి బాగా తెలుసు.

పన్నెండింటికి గ్రేస్ నవ్వుతూ బయటికి వచ్చింది. ఉద్యోగం వస్తుందా అని ఆయన అడగలేదు.

"నీళ్లందాయా అమ్మా?"

"చివరిదాకా అందాయి తాతయ్యా."

ఫలితం వచ్చే వారం తెలుస్తుందట. నేనూ ఇన్నాళ్లూ పైనున్నదాన్నే అని మాత్రం ఈ రోజే తెలిసింది. మీ ఇంట్లో శివారు గది ఎవరిదండీ?