పాలమూరు వానకు నా మొక్కు

నేనెన్నడూ చూడని ఊళ్లో వాన పడాలని నేను మొక్కినంతగా ఆ ఊరి రైతులు కూడా మొక్కి ఉండరు. ఎనభైల నడుమ సంగతి. బొంబాయి కామాటిపురాలో వరస గదుల చాల్‌లోనే పుట్టి, పక్క గల్లీ చాల్‌కే కోడలిగా వెళ్లాను. కింది అంతస్తులో ఒకటే గది, ఖోలీ అంటాం. అత్త, మామ, మేమిద్దరం. అడ్డంగా చీర కట్టుకుంటే మాకంటూ ఒక మూల ఉండేది. పెళ్లయిన కొత్త కదా, ఆ మూలే నాకు మహల్.

ఇంతలో పాలమూరులో కరువొచ్చింది. మా అత్తకు అక్క, అంటే నాకు పెద్దత్త, భర్తను, కొడుకును, కోడలిని, ఇద్దరు మనవళ్లను వెంటేసుకుని మా ఇంట్లో దిగింది. మగవాళ్లు పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే నాకాకు పోయేవారు. మేము అడ్డంగా కట్టుకునే చీర పిల్లలకు ఉయ్యాల అయింది. నా మొగుడితో ఒక్క మాట మాట్లాడాలన్నా ఫోరస్ రోడ్ దాకా నడవాలి. బయటికి నవ్వుతూ వడ్డించేదాన్ని, లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. వాళ్ల ఊళ్లో వాన పడితేనే వాళ్లు కదిలేది. అందుకే రోజూ దీపం పెట్టి, పాలమూరుకు వానలివ్వు తల్లీ అని దండం పెట్టేదాన్ని.

"మా అక్క కోసం ఎంత మొక్కుతదో! నా కోడలు బంగారం," అని మా అత్త మురిసిపోయేది.

తల్లి నా మొక్కు విన్నది గానీ చిరునామా తప్పింది. బొంబాయిలో కుండపోత. గటారు పొంగి మురుగునీళ్లు ఖోలీలోకి మోకాలి దాకా వచ్చాయి. పిల్లల్ని, బియ్యాన్ని పైకి చేర్చే హడావిడిలో మంచం కింద ఉన్న పెద్దత్త జొన్నల మూట ఎవరికీ గుర్తు రాలేదు. అవి విత్తనాలు. ఊళ్లో గంజినీళ్లతో పడుకున్న రోజుల్లో కూడా ఆమె వాటిని ముట్టలేదట. నీళ్లోడుతున్న ఆ మూటను ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"ఇత్తనం పాయె. ఇగ ఊరికి పోయి ఏం జెయ్యాలె? ఈడనే ఉండుడు."

ఈడనే ఉండుడా! కొంగు నడుముకు బిగించి లేచాను. పై అంతస్తులో ఒకావిడ ఖోలీలో ఫ్యాను ఉంది. ఆమె ఊఁ అనేలోపే పరుపు చుట్టేసి, నా నూలు చీరలన్నీ పరిచి, జొన్నలు మంచినీళ్లతో కడిగి పలచగా ఆరబోశాను. కరెంటు పోయినప్పుడు పక్క ఖోలీ మరాఠీ బాయితో సహా ఆడవాళ్లమంతా విసనకర్రలు పట్టాం. మునిగిన వాళ్లూ మునగని వాళ్లూ ఒకే పొయ్యి మీద వండుకుని, గింజలు తిరగేస్తూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ గడిపాం. నిజం చెప్పొద్దూ, ఆ చాల్‌లో నేనంత హాయిగా ఎప్పుడూ లేను. పెద్దత్త కోసం ఎంత ఆరాటపడుతోందో చూడండని అందరూ నన్నే మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు.

ఆరాక పెద్దత్త గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి పొయ్యి పక్కన పెట్టింది. దాన్ని విప్పిన రోజు చాల్ అంతా చుట్టూ మూగింది. అన్నీ కాకపోయినా చాలావాటికి తెల్లటి మొలకలొచ్చాయి. "మొలిచినయ్!" అని ఆమె అరిస్తే, నేను ఆమె కంటే గట్టిగా అరిచాను.

ఆ వారమే ఊరి నుంచి వచ్చిన మనిషి, అక్కడా వానలు పడ్డాయని చెప్పాడు. బస్సెక్కే ముందు పెద్దత్త నన్ను పక్కకు పిలిచింది.

"నేను కొత్త కోడలైనప్పుడు గూడ కరువే, బిడ్డా. ఇంటి నిండ చుట్టాలు. ఆళ్లెప్పుడు పోతరా అని నేను గూడ నీ లెక్కనే వానకు మొక్కిన," అని నవ్వింది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. అంతలోనే ఆమె మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"మళ్ల కరువొస్తే ఎట్ల, పెద్దత్తా?"

"ఎట్లేంది? మళ్ల ఈడికే వస్తం. ఇంకెక్కడికి పోతం?"

"రాండ్రి," అన్నాను. మనసారా అన్నాను.